గుల్ల మంచు

“మన మనిషి దొరికాడు,” అన్నాడు టోబియాస్ లెంక్. “బిహాచ్ దగ్గర, ఊనా నదిలో. బోర్లా తేలుతూ.”

లోవ్రో టోపీ తీసి నిలబడ్డాడు. గ్రాట్స్ నగరంలో ఈ గదికి పిలుపు వచ్చిందంటే ఎక్కడో ఒకడు చచ్చే ఉంటాడు. లెంక్ సరిహద్దు గూఢచారులందరికీ పెద్ద. ఏ చావు కబురైనా ముక్కు తుడుచుకుంటూనే చెప్తాడు.

“పోయేముందు ఒక దువ్వెన పంపాడు. పిడి బోలు. లోపల ఇది.”

ఖాళీ కాగితం. లోవ్రో దాన్ని కొవ్వొత్తి సెగకు పట్టాడు. ఉల్లిరసంతో రాసిన అక్షరాలు గోధుమరంగులో పైకి తేలాయి.

కార్లోవత్స్. కొవ్వొత్తుల పండుగ. పూజ వేళ. నీళ్ల మీద నడిచి వస్తారు.

“నీళ్ల మీద నడిచింది ఏసుప్రభువు ఒక్కడే కదా అయ్యా?”

“ఫిబ్రవరిలో ఎవడైనా నడుస్తాడు,” అన్నాడు లెంక్. “ఆ కార్లోవత్స్ కోట కట్టి తొమ్మిదేళ్లు. ఇటలీ ఇంజనీరు కాగితం మీద ఆరు కోణాల నక్షత్రం గీసిచ్చాడు. మనం రెండు నదుల మధ్య బురదలో లేపాం. గోడలు మట్టివి, గుర్రం ఎక్కేంత వాలు. బలమంతా కందకంలో నీళ్లదే. చలికాలంలో రోజూ గొడ్డళ్లతో మంచుగడ్డ పగలగొట్టకపోతే…”

“శత్రువుకి చాప పరిచినట్టే.”

“అంతే.”

“సైన్యం పంపరా?”

“సుల్తానుతో కాగితం మీద సంధి ఉంది. సైన్యాన్ని కదిపితే మనం సంధి తప్పినట్టు. నిన్ను కదపొచ్చు.”

“నాకు సంధి లేదా?”

“నువ్వే లేవుగా.” లెంక్ మళ్లీ ముక్కు తుడుచుకున్నాడు. “అక్కడ మన ఏజెంట్ దొరోతేయా. నీకు తెలుసు.”

తెలుసు. ఆమె భర్త గాష్పర్, ఆ కోటలో ఉపసేనాని. నాలుగేళ్ల కిందట అతనూ లోవ్రో ఒకే రోజు పట్టుబడి సుల్తాను చెరలో పడ్డారు. రెండు చలికాలాల తరువాత బందీల మార్పిడి వచ్చింది. ఒకడికి ఒకడు. పిలిచింది గాష్పర్‌ని. గాష్పర్ లోవ్రో వీపు మీద చెయ్యివేసి ముందుకు తోశాడు. “నువ్వు పోరా. నాకు ఇక్కడి గంజి అలవాటైపోయింది.” మరుసటి ఏడు అతను చనిపోయాడని కబురు వచ్చింది. ఆ తరువాత దొరోతేయా ముఖం చూడడానికి లోవ్రోకి ధైర్యం చాలలేదు.

అయిదు రోజుల దారి మంచుతుపానులో ఎనిమిది రోజులైంది. జపమాలలు అమ్ముకునేవాడి వేషంలో, పెట్టె అడుగున పిస్తోలుతో, లోవ్రో కార్లోవత్స్ గేటు దాటేసరికి పండుగ పొద్దు పొడిచింది. ఊరంతా పొగమంచు. ఆడవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని చర్చి వైపు నడుస్తున్నారు.

సరుకుల కొట్టు వాకిట్లో దొరోతేయా నిలబడి ఉంది. పచ్చటి అంగీ, మెడ చుట్టూ నక్కతోలు. ఆమె నడిచి వెళ్తే కాపలావాళ్లు ఈటెలు తలకిందులుగా పట్టుకునేవాళ్లు, ఇప్పటికీ అంతే.

“పులిసిన క్యాబేజీ ఉందా అమ్మగారూ?”

“ఉంది. ఉప్పు నువ్వు తెచ్చుకుంటేనే.”

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. “చిక్కిపోయావు లోవ్రో.”

“దారి అలాంటిదండీ. కందకంలో గడ్డ పగలగొట్టడం లేదేం?”

“ఎవరు కొట్టాలి? సగంమంది చలిజ్వరంతో మంచాల మీదున్నారు. మిగిలినవాళ్లను కమాండర్ స్లున్ వైపు తీసుకెళ్లాడు. అటు దండు వస్తోందని కబురు.”

“ఎవరిచ్చిన కబురు?”

“నేనే.” ఆమె నవ్వింది. “రేపు కొట్టిస్తాలే. లోపలికి రా, సూప్ వేడిగా ఉంది.”

“ముందు దణ్ణం పెట్టుకుని వస్తానండీ.”

అతను చర్చికి వెళ్లలేదు. కోటగోడ ఎక్కి చూశాడు. కందకం తెల్లగా, పలకలా ఉంది. దాని మీద ఒక నక్క తీరిగ్గా ఇవతలికి నడిచి వస్తోంది.

తూము దగ్గర దాని కాపలాదారు ఉర్బాన్ దొరికాడు. డెబ్భై ఏళ్ల మనిషి.

“తాతా, ఈ తూము ఎత్తితే ఏమవుతుంది?”

“నీళ్లన్నీ కుపా నదిలోకి పోతాయి. పైన గడ్డ ఉత్త గుల్ల. గుర్రం కాలు పెడితే గుడ్డు పెంకే.”

“మరి ఎందుకు మూశావు?”

“నాలుగు రోజుల కిందట దొరోతేయమ్మ వచ్చి కమాండర్ ఆజ్ఞ అంది. పారని నీళ్లు తొందరగా గడ్డకడతాయి కదమ్మా, ఎందుకూ అన్నాను. ‘ఆజ్ఞకు ఎందుకు అనేది ఉండదు ముసలోడా’ అంది.”

అప్పుడే చర్చిలో మొదటి గంట మోగింది.

“పట్టు తాతా! ఎత్తుదాం!”

ఇద్దరూ తూము తలుపు ఎత్తే మర పట్టుకుని వేలాడారు. కదల్లేదు. నిప్పులు తెచ్చి పోశారు. పొగ వచ్చింది. గడ్డపార దూర్చి లోవ్రో ఒళ్లంతా బరువేశాడు. ఫెళ్లున విరిగింది తూము కాదు, మర దూలం. ఉర్బాన్ ఆ మంచులోనే చతికిలబడి ఏడ్చాడు.

“అయిపోయింది బాబూ. ఇది ఇక మార్చి దాకా కదలదు.”

లోవ్రో లెక్కవేసుకున్నాడు. చర్చిలో లేచి నిలబడగలిగిన మగవాళ్లు అరవైమంది. మందుగుండు గది తాళంచెవి కమాండర్ జేబులో ఉంది. కమాండర్ స్లున్‌లో ఉన్నాడు. తన దగ్గర ఒక్క పిస్తోలు. ఒకటే గుండు. ఇప్పుడు కేక పెట్టినా ఆ అరవైమంది గోడ ఎక్కేలోపే గుర్రాలు ఊళ్లో ఉంటాయి.

అతను గోడ మీదుగా పరిగెత్తాడు. దక్షిణపు బురుజు మీద కాపలావాళ్లు సారా తాగి గుర్రుపెడుతున్నారు. వాళ్ల మధ్య దొరోతేయా ఒక్కతే నిలబడింది. చేతిలో వెలిగించిన లాంతరు. మూడుసార్లు పైకెత్తి దించింది. సిగ్నల్.

“దించండి అది.” లోవ్రో పిస్తోలు ఎత్తాడు.

ఆమె ఉలిక్కిపడలేదు. “కాల్చు. ఆలస్యమైంది. వచ్చేశారు.”

అవతలి గట్టున, పొగమంచులో, కళ్లేల చప్పుడు. గుర్రాలు ముక్కులతో బుసలు కొడుతున్నాయి. రెండు వందలకు తక్కువ లేవు.

“చర్చిలో పసిపిల్లలున్నారమ్మా. మీరు చేతులతో ఎత్తుకున్నవాళ్లు.”

“గాష్పర్ బతికే ఉన్నాడు.” ఆమె అవతలి గట్టు వైపు చెయ్యి చూపించింది. “ఆయన ఉంగరం పంపారు. వేలుతో సహా. కోటలోకి దారి ఇస్తే మనిషిని ఇస్తామన్నారు. దారి చూపించడానికి ఆయన్నే ముందు గుర్రం మీద కూర్చోబెట్టారు. నువ్వు ఇటునుంచి ఏం చేసినా ముందు పోయేది ఆయనే. చెప్పు లోవ్రో, ఇంకోసారి ఆయన్ని వదిలేస్తావా?”

పొగమంచు ఒక్క క్షణం పలచబడింది. ముందు గుర్రం మీద మనిషి. చేతులు ముందుకు కట్టేసి ఉన్నాయి. గడ్డం నెరిసింది. ఆ భుజాలు మాత్రం అవే. చెరలో రెండు చలికాలాలు లోవ్రో తల ఆనించి పడుకున్న భుజాలు.

ఆ గుర్రం గట్టు దిగుతోంది.

అబద్ధం చెప్పడం లోవ్రో వృత్తి. ఇంత కష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

“తూము ఎత్తేశాను,” అన్నాడు.

ఆమె తల తిప్పింది.

“గంట మోగకముందే ఎత్తేశాం, నేనూ ఉర్బానూ. కింద చుక్క నీరు లేదు. గడ్డ గుల్ల. మొదటి గుర్రమే కూలుతుంది.”

“అబద్ధం.”

“చూడండి.” మర దూలం మీద చర్మం ఊడిపోయి నెత్తురోడుతున్న అరచేతులు చాచాడు.

“ఒట్టు వెయ్యి!”

“గాష్పర్ గారి మీద ఒట్టు.”

లాంతరు ఆమె చేతిలోంచి పడిపోయింది. ఆమె గోడ అంచుకు పరిగెత్తింది.

“ఆగండి! గడ్డ గుల్ల! కింద నీళ్లు లేవు! గాష్పర్! వెనక్కి! వెనక్కి పో!”

ఆ కేకకు చర్చిలో పాట ఆగిపోయింది.

అవతల కలకలం. “అరుస్తోంది మనామెరా!” అందొక గొంతు. వాళ్ల నాయకుడు గుర్రాన్ని అంచు దాకా తెచ్చి ముందు కాలు గడ్డ మీద పెట్టించాడు. ఏ గడ్డయినా అంచున చిటపటమంటుంది. ఇదీ అంది. అతను చటుక్కున కళ్లెం లాగాడు.

ఆ సందడిలో గాష్పర్ జీను మీంచి కిందికి దొర్లాడు. గడ్డ మీదే పడ్డాడు. లేచాడు. గట్టు వైపు కాదు, కోట వైపు పరిగెత్తాడు.

“రావద్దు!” దొరోతేయా గొంతు చీలిపోయింది. “అయ్యో, రావద్దయ్యా! లోవ్రో, చెప్పరా, ఆగమని చెప్పరా!”

లోవ్రో పళ్లు బిగించాడు. గట్టిగానే ఉంది, రానివ్వండి అని ఒక్కమాట అంటే ఆమె ప్రాణం కుదుటపడేది. ఆ మాట అవతలి గట్టుకూ వినబడేది. అతను నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆమె అతని గుండెల మీద పిడికిళ్లతో కొడుతూనే ఉంది. ఒక బాణం గాష్పర్ పక్కన గుచ్చుకుంది. ఇంకొకటి జారిపోయింది. వెంట ఒక్క గుర్రమూ దిగలేదు.

చర్చిలోంచి మగవాళ్లు ఒక్కో గుండే ఉన్న తుపాకులతో గోడెక్కారు. మొదటి తుపాకి పేలగానే ఉన్నవాళ్లందరూ అరిచారు. జ్వరంతో ఉన్నవాళ్లు అందరికంటే గట్టిగా. పొగమంచులో అరవైమందో ఆరువందలమందో ఎవడికి తెలుసు? గిట్టల చప్పుడు స్లున్ దారి వదిలి అడవి వైపు మళ్లింది.

చేతులు కట్టేసి ఉన్న గాష్పర్‌ను నడుముకు తాడు వేసి పైకి లాగారు. దొరోతేయా అతన్ని చూసింది, కింద గడ్డను చూసింది. ఒక్క గీత కూడా లేదు.

“గుల్ల అన్నావు,” అంది లోవ్రోతో.

“అన్నాను.”

“ఆయన మీద ఒట్టేశావు.”

“వేశాను.”

ఆమె చాచి లెంపకాయ కొట్టింది. ఆ తరువాత కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“గుల్ల అని విన్నాక కూడా ఎలా వచ్చారండీ?” అడిగాడు లోవ్రో.

గాష్పర్ ఆయాసపడుతూ పెళ్లాం పక్కన కూర్చున్నాడు. “దీని కేకకు పగలని గడ్డ నా బరువుకు పగులుతుందేంట్రా?”

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అతనే నవ్వాడు. నవ్వు సగంలో ఏడుపైంది.

లోవ్రో వాళ్లిద్దరికీ వినబడేంత చిన్నగా చెప్పాడు. “కమాండర్ రేపు తిరిగొస్తాడు. నేను రిపోర్టు ఎల్లుండి రాస్తాను. లుబ్లానా దారి మధ్యాహ్నం దాకా బాగుంటుంది. నా జపమాలల పెట్టె తీసుకోండి.”

“నన్ను వదిలేస్తున్నావా?” అంది దొరోతేయా. “ఎందుకు?”

“ఒకడికి ఒకడు,” అన్నాడు లోవ్రో. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. చర్చి ముందు పిల్లలు ఆరిపోయిన కొవ్వొత్తులతో వరసగా నిలబడి ఉన్నారు.

రిపోర్టులో ప్రతి మాటా నిజమే రాశాడు. కోటగోడ మీద ఉన్న మన ఏజెంట్ సమయానికి కేక పెట్టింది. శత్రువు వెనుదిరిగాడు. ఏజెంట్ ప్రస్తుతం కనబడడం లేదు.

పదిహేను రోజులకు లెంక్ జవాబు వచ్చింది. లోవ్రో దాన్ని బురుజు మీద నిలబడి సెగకు పట్టాడు. కందకం నీళ్లు వదిలి కోటను కాపాడావని ఊరంతా చెప్పుకుంటున్నారు, మెచ్చుకుంటున్నాం. అయితే ముందస్తు అనుమతి లేకుండా ప్రభుత్వం వారి నీళ్లు వదిలినందుకు వెంటనే సంజాయిషీ పంపగలవు.

కింద, కమాండర్ కట్టెల బళ్లు గేటు దాకా చుట్టు తిరగడం ఎందుకని, జోడెద్దులతో తిన్నగా కందకం మీదుగానే వస్తున్నాయి.

లోవ్రో ఒక ఉల్లిపాయ కోసి రాశాడు: “నీళ్లు ఎక్కడికీ పోలేదు అయ్యా. ఇక్కడే ఉన్నాయి. గట్టిగా ఉన్నాయి.”