అయివారి పెండ్లాం చదువు

సుందరం కొర్రన్నంలో రాయి కొరికి ముద్ద పక్కన పెట్టేశాడు.

"ఏమ్మే, ఈ పొద్దన్నా సరిగా ఏరకపోతివా? ఇన్‌స్పెక్టరు మనింట్లోనే తినాల. ఆయన పంటి కింద ఇట్లే పడితే ఎట్ల?"

జీవమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు. "కనపడితే ఏరనా?" అంది.

కోడుమూరు దగ్గరి ఆ ఊళ్లో మిషను బడికి సుందరమే అయివారు. పగలు పిల్లలకు, పొద్దు గుంకాక సేద్యగాళ్లకు అక్షరాలు దిద్దించేవాడు. కూతురు ఏసుమణి ఆయన దగ్గరే చదువుకుని, పెండ్లయి ఆలూరు వెళ్లింది. ఆ ఇంట్లో చదువు రానిది జీవమ్మ ఒక్కతే. కాపురానికొచ్చిన కొత్తలో నేర్పిస్తానన్నాడు. జొన్న కోతలు కానీ అన్నాడు, బిడ్డ పాలు మాననీ అన్నాడు, తర్వాత బిడ్డ పెండ్లి కానీ అన్నాడు. అడిగినప్పుడల్లా నవ్వుతూనే చెప్పేవాడు. ఆ నవ్వు చూస్తేనే ఇప్పుడామెకు ఒళ్లు మండుతోంది.

"కనపడకపోయేదేంది?" అన్నాడు సుందరం.

"వానలు పడిన కాన్నుంచి మసక. పొగ అడ్డమొచ్చినట్టుండాది. నీకు చెప్తి. సెలవులిచ్చినాక కర్నూలు ఆస్పత్రికి పోదాం అంటివి."

"పోదాంలే. ఈ తనిఖీ గడవనీ."

జీవమ్మ గరిటె కింద పెట్టింది.

"ఆదివారం చర్చిలో ఏమైందో తెలుసా నీకు? పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకోని నిలబడినా. పక్కన నిలబడిన విశ్వాసమ్మ నా చేతిలోంచి తీసుకోని, సరిగా తిప్పి ఇచ్చె. ఒక్క మాటా అనలే. అయివారి పెండ్లాన్ని కదా."

"దానికి ఇంత బాధ ఎందుకు..."

"ఇన్నేండ్లూ ఆ పుస్తకం పట్టుకునింది సదివేదానికి కాదు, సదివేదాని మాదిరి కనపడేదానికి. ఎద్దులు తోలుకునే మారెన్నకు సంతకం నేర్పిస్తివి. నన్ను మాత్రం రేపటికి పెడతా వస్తివి. ఇప్పుడు నేర్చుకుందామన్నా అక్షరం కనపడదు. ఏం జేయాల్నో చెప్పు, అయివారూ."

ఊరంతా పిలిచే ఆ పిలుపు ఇంట్లో ఆమె నోట ఎన్నడూ రాలేదు. "ఎండాకాలం సెలవుల్లో..." అంటూ మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు సుందరం.

వీధిలోంచి బడి పిల్లల గోల వినబడింది. ఇక లేచి పోతాడు, రోజూ చేసేదదే అనుకుంది జీవమ్మ. ఏడవకూడదని పంటి కింద పెదవి బిగబట్టింది. సుందరం లేచాడు. చెయ్యి కడుక్కుని, పొయ్యి పక్కన ఆరిన బొగ్గు ఏరుకుని గోడ దగ్గరికి నడిచాడు.

"ఏం జేస్తాండావు? నిన్ననే కదా సున్నం కొట్టింది."

"ఈడికి రా."

మూరెడు పొడవున ఒక అక్షరం గీశాడు. "కనపడతాందా?"

ఆమె కోపం ఇంకా చల్లారలేదు. కానీ తెల్లటి గోడ మీద ఆ నల్లటి గీత మసకను దాటుకుని వచ్చి నిలబడింది.

"కనపడతాంది."

"ఇది జీ." పక్కన ఇంకో రెండు గీశాడు. "ఇది వ. ఇది మ్మ." ఆమె వేలు పట్టుకుని ఒక్కొక్కటీ దిద్దించాడు.

"ఇన్ని వంకర్లుండాయా నా పేరులో," అంది జీవమ్మ.

వాకిట్లోంచి రాత్రి బడికొచ్చే బాలస్వామి కేకేశాడు. "అయివారూ, ఇన్‌స్పెక్టరు బండి వాగు దాటిందంట."

"ఆయన్ను బడిలో కూర్చోబెట్టప్పా. వస్తా."

అలా అన్నాడు కానీ ఆమె చెయ్యి వదల్లేదు. మళ్లీ మొదటి నుంచి దిద్దించాడు.

"ఇంతసేపే కదా పట్టింది, జీవమ్మా. పొయ్యి మీద ఎసరు కూడా మరగలే."

"నాకు ఏడుపొస్తాండేది అందుకే," అంది ఆమె. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. బొగ్గు అంటిన వేలు గోడ మీదనుంచి తీయలేదు. "నిలబడినావెందుకు? ఇంకొకటి రాయి."