షెల్టరు తాళం

ఆ ఉదయం సూర్యుడు రాలేదు. తూర్పున రాగి చెంబు లోపలి రంగులో ఒక వెలుగు కాసేపు కనిపించి ఆరిపోయింది. మబ్బులు ఈశాన్యం నుంచి ఒడ్డు మీదికి నిలబడకుండా పరుగెడుతున్నాయి. కింద మాత్రం గాలి లేదు. సరుగుడు చెట్లు ఆకు కదపడం లేదు. కాకులు ఎప్పుడో ఊరు వదిలి జీడితోటల వైపు వెళ్ళిపోయాయి.

పైడన్న గుమ్మంలో కూర్చుని గంజి తాగుతున్నాడు. కళ్ళు సముద్రం మీదున్నాయి. మంగమ్మ ఇసుక మీద ఆరేసిన ఎండుచేపలను గంపలోకి ఎత్తుతోంది.

"ఏటలా సూస్తున్నావు? సముద్రమేటైనా సెప్తాదా నీకు?"

"సెప్పకపోతే ఊరుకుంటాది. మన పిల్లలాగ మైకెట్టి అరవదు."

సరిగ్గా అప్పుడే వీధి చివర ఆటో మైకు మోగింది. ముందు ఒడియాలో మగగొంతు, తర్వాత తెలుగులో ఆడగొంతు. తుఫాను సాయంత్రానికి ఒడ్డు దాటుతుందని, అందరూ మధ్యాహ్నంలోగా షెల్టరుకి రావాలని. ఆ ఆడగొంతు వాళ్ళ కూతురు సస్మితది. బరంపురం కాలేజీలో డిగ్రీ చదివి వచ్చిన పిల్ల. తుఫాను షెల్టరు కమిటీలో వలంటీరు. నారింజ రంగు కోటు తొడుక్కుంటే అది సస్మితేనా అని ఊళ్ళో వాళ్ళే రెండోసారి చూస్తారు. షెల్టరు గేటు తాళంచెవి ఆమె చున్నీ చివర ముడేసి ఉంటుంది.

ఆటో ఇంటిముందు ఆగింది. సస్మిత దిగి తండ్రి ఎదుట నిలబడింది.

"అయ్యా, బట్టలు సర్దుకో. ఎల్దుం."

"మీ అమ్మని తీసుకెల్లు."

"నువ్వు?"

"నాకు పనుంది. పడవకాడుంటాను."

సస్మితకి ఆ పనేమిటో తెలుసు. ఆ పేటలో పాతవాళ్ళు పెనుగాలికి పడవను కట్టేసి వదిలిపోరు. తాడు చివర ఒక మనిషి ఉండాలి. నీరు ఎక్కితే తాడు వదలాలి, దిగితే లాగాలి. ఇప్పుడందరూ సబ్సిడీ మీద ఇచ్చిన ఫైబరు బోట్లకు మారిపోయారు. పోతే ఇంకోటి ఇస్తారని కట్టేసి షెల్టరుకి నడుస్తారు. కర్ర పడవ పైడన్నది ఒక్కడిదే. వడ్రంగి పక్కన కూర్చుని తనే చేయించుకున్నాడు. ఏటేటా జీడిపెంకుల నూనె తనే పూస్తాడు. సర్కారు దగ్గర దేనికీ చెయ్యి చాచడు. బియ్యం తీసుకోడు, పింఛను అడగడు. ఫైబరు బోటు ఇస్తామంటే, "ఇచ్చినోడు ఎప్పుడైనా అడుగుతాడు" అని వచ్చేశాడు.

అతను మొదటినుంచీ అలా లేడు. సస్మిత చిన్నప్పుడు ఒక తుఫానుకి, మైకులో చెప్పగానే, ముసలి తల్లిని వీపు మీద వేసుకుని అందరికంటే ముందు అదే షెల్టరుకి వెళ్ళాడు. ఆవిడకి ఆయాసం. గాలి ఇంకా రాలేదు, ఇంటికి తీసుకుపోరా, నా కుక్కి మంచం మీద పోతాను అని కొడుకు చెయ్యి పట్టుకుని అడుగుతూనే ఉంది. పైడన్న గేటు దగ్గరికి వెళ్ళి తియ్యమన్నాడు. తాళం ఉన్నవాడు "మీ మంచికే" అన్నాడు. ఎవరిదో బియ్యం మూటకి ఆనుకుని ఆవిడ ప్రాణం పోయింది. ఆ తర్వాత పైడన్న ఆ భవనం వైపు తలతిప్పి కూడా చూడలేదు.

"అయ్యా, పెద్ద గాలిది. మాట ఇను."

"ఇన్నాను. ఎల్లు."

మంగమ్మ మూట భుజాన వేసుకుంది. మొగుడి వైపు చూసింది. "నువ్వు రాకపోతే నాకు అన్నం దిగదు" అంది. అతను గంజిగిన్నె కడగడానికి లేచాడు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు ఇసుకలోకి దిగింది. పైడన్న పడవలో తడి ఇసుక పోస్తున్నాడు, బరువు కోసం. హోంగార్డు శంకర్ ఒడియావాడైనా తెలుగు తెలుసు; పైడన్నను మాత్రం ఒడియాలో మౌసా, అంటే బాబాయి, అని పిలుస్తాడు.

"మౌసా, రండి. నాకూ ఇష్టం లేదు. పైనుంచి ఆర్డరు."

"పైనున్నోడికి నా పేరు తెలుసా బాబూ?"

"మీ అమ్మాయే ఫోన్ చేసింది మౌసా."

పైడన్న చేతిలోని గంప కింద పెట్టాడు. జీపు వెనక సస్మిత నిలబడి ఉంది. ఇద్దరు పోలీసులు అతని రెక్కలు పట్టుకోబోయారు.

"సెయ్యెయ్యకండి. నడుస్తాను."

జీపు ఎక్కేదాకా కూతురి ముఖం చూడలేదు. జీపు వెళ్ళాక సస్మిత ఒక్కతే పడవ దగ్గర ఆగిపోయింది. తాడు తీసుకుని పెద్ద సరుగుడు చెట్టుకి పడవ ముక్కును కట్టింది. కదలకుండా దగ్గరగా లాగింది. ముడి మీద ముడి వేసింది. అరచేతులు ఒరిసిపోయాయి. అయ్య పడవ ఎక్కడికీ పోదు అనుకుంది.

షెల్టరు హాలంతా మనుషులు, మూటలు, మేకలు. పైడన్న గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు. జగ్గమ్మ అనే ముసలామె అటుకుల పొట్లం విప్పుతూ నవ్వింది.

"కూకో పైడన్నా. సర్కారోడి గోడకి ఆనుకుంటే నీ ఈపు మాసిపోద్దేటి?"

"నువ్వు తినొదినా. నాకాకలి లేదు."

"ఓలె సస్మితా, మీ అయ్యకి పెళ్ళికొడుకు అలకొచ్చినాది. ఓ బెల్లం ముక్కెట్టు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పైడన్న గేటు దగ్గరికి నడిచాడు. బయట సరుగుడు కొమ్మలు ఊగడం మొదలైంది. సస్మిత అక్కడే ఉంది.

"అమ్మీ, గేటు తియ్యి. గాలింకా ముదరలేదు. తాడు సూసొచ్చీస్తాను."

"నాను కట్టినాను అయ్యా. గట్టిగా బిగించినాను."

"ఎంత తాడు వదిలినావు?"

"ఏటీ వదల్లేదు. పోకుండా కట్టినాను."

పైడన్న ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "నీరెక్కితే అదెలా లేస్తాదే? ఇరిగిపోద్ది. తియ్యి."

"ఇరిగితే ఇరగనీ. పడవ మళ్ళీ సేసుకుందుం. నువ్వు పోతే నాను ఎవుల్ని తెచ్చుకోను?"

"నా పేణం నాది. దాన్ని ఎక్కడెట్టుకోవాలో సర్కారోడు సెప్తాడేటి?"

"సర్కారు కాదు. నాను సెప్తున్నాను. నీ కూతుర్ని."

"కూతురైతే కోటు ఇప్పీసి సెప్పు."

సస్మిత కోటు విప్పలేదు. గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుంది. "నీ మంచికే అయ్యా" అంది.

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. పైడన్న ఆమెను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత వెళ్ళి ఒక మూల, వెనకటి తుఫానులో తన తల్లి కూర్చున్న చోటే, నేలమీద కూర్చున్నాడు. మంగమ్మ వచ్చి పక్కన కూర్చుంది. సాయంత్రం గాలి వచ్చింది. తలుపులు, కిటికీలు, మనుషులు అన్నీ ఒకటే అరుపు.  పెట్టిన అన్నం పైడన్న ముట్టలేదు.

తెల్లవారేసరికి గాలి పోయింది. సస్మిత గేటు తీసింది. అందరికంటే ముందు పైడన్న బయటికి నడిచాడు.

ఆమె వెనక వెళ్ళబోతుంటే బ్లాకు ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. "ఈ ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు. భేష్" అని ఒడియాలో మెచ్చుకున్నాడు. షెల్టరు బోర్డు కింద నిలబెట్టి ఫొటో తీయించాడు. "రానని మొండికేసినాయన మీ నాన్నేనట కదా, పిలువు, ఇద్దరినీ తీద్దాం" అన్నాడు. సస్మిత ఒడ్డు వైపు చూసింది. "ఆయన రాడు సార్" అంది.

ఒడ్డున పెద్ద సరుగుడు వేళ్ళతో సహా పడి ఉంది. మాను కింద పడవ ముక్కు ఉంది. మిగతా పడవ చెక్కచెక్కలుగా ఒడ్డు పొడుగునా చిమ్మి ఉంది. సముద్రం పడవను లేపింది, తాడు లేవనివ్వలేదు. సస్మిత వేసిన ముడి మాత్రం ఊడలేదు.

పైడన్న ఆ ముడి ముందు గొంతుక్కూర్చున్నాడు. మంగమ్మ చెట్టును, మొగుణ్ణి మార్చి మార్చి చూసింది.

"నువ్విక్కడే కదా తాడట్టుకు నిలబడుందువు. నీ మీదే పడును ఈ సెట్టు."

"పడును."

"మరి?"

"పడితే పడును. నా తాడు పట్టుకుని పోదును."

మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సస్మిత కాస్త ఎడంగా నిలబడింది. ఆమె చేతిలో షెల్టరు నుంచి తెచ్చిన అన్నం, పప్పు క్యాను ఉంది. పైడన్న దాన్ని చూసి లేచాడు. కత్తితో తాడు కోశాడు. పడవ ముక్కును మాను కింద నుంచి లాగి, భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

ఇంటి కప్పు ఒక పక్క లేచిపోయింది. పొయ్యి నిలిచింది. కట్టెలన్నీ తడిసి నీళ్ళు కారుతున్నాయి. పైడన్న ముక్కును నేలమీద పెట్టి కత్తితో చీల్చాడు. పైన తడి ఉన్నా లోపల ఏళ్ళ తరబడి నూనె పట్టిన చెక్క. అగ్గిపుల్ల తగలగానే అంటుకుంది. నల్లటి పొగ, జీడిపెంకుల వాసన. మంగమ్మ కుండలోని బియ్యం తీసి ఎసరు పెట్టింది. క్యాను మూత తియ్యకుండానే గుమ్మం పక్కన ఉండిపోయింది.

సస్మిత గుమ్మంలోనే కూలబడింది.

"అయ్యా. తాళం నాకాడే ఉంది. తియ్యొచ్చు. నాను తియ్యలేదు."

"తెలుసు."

"తిట్టు నన్ను."

పైడన్న పొయ్యిలోకి ఇంకో చెక్క తోశాడు. "మా అమ్మకి గేటు తియ్యనోడి మొకం నాకు గురుతు లేదు. ఇన్నేళ్ళూ ఆన్ని తిట్టుకున్నాను. ఇప్పుడెవుల్ని తిట్టుకోను?"

సస్మిత చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. నాయనమ్మ ఆ చివరి ఆయాసంలో ఎవరి చెయ్యి పట్టుకుని అడిగిందో, గేటు దగ్గర తాళంతో ఎవరు నిలబడ్డారో సస్మితకి ఇప్పుడు కనిపించింది. ఆ నిలబడినవాడు రాక్షసుడు కాడు. భయపడ్డ మనిషి. తనలాగే.

"మళ్ళీ గాలొచ్చినా నాను తియ్యలేను అయ్యా" అంది ఏడుస్తూనే. "అబద్దం సెప్పను. తియ్యలేను."

పైడన్న వంగి పొయ్యి ఊదాడు.

"అయితే తాడెలా కట్టాలో నేర్సుకో" అన్నాడు.

అన్నం ఉడికింది. మంగమ్మ మూడు పళ్ళేల్లో వడ్డించి, కాల్చిన ఎండుచేప పక్కన పెట్టింది. ఆ ఇంట్లో ఎప్పుడూ పైడన్నే ముందు తింటాడు. ఇవాళ పళ్ళెం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సస్మిత నారింజ కోటు విప్పి గుమ్మం బయట పెట్టింది. చున్నీ చివర తాళంచెవిని విప్పబోయింది. ముడి తడిసి బిగుసుకుపోయింది, రాలేదు. అలాగే వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

అప్పుడు పైడన్న మొదటి ముద్ద కలిపాడు. పొయ్యిలో పడవ చెక్క ఇంకా కాలుతోంది. ముగ్గురూ తిన్నారు.