ఊర్మిళ చెప్పిన ఆట

రిసెస్ సగం అయిపోయింది. ఊర్మిళ ఇంకా టిఫిన్ డబ్బా మూత తీయలేదు. తినడానికి తీరిక ఎక్కడిది? ఆమె చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు.

ఆరో తరగతిలో ఊర్మిళకు ఒక పేరుంది. ఫోన్‌లో ఏ ఆట బాగుంటుందో ఆమెనే అడగాలి. కార్ల ఆటలు, పరుగెత్తే ఆటలు కాదు. ఊరు కట్టి, పొలం వేసి, సైన్యం పెంచి, చిన్న రాజ్యాన్ని సామ్రాజ్యం చేసే ఆటలు. ఒక వంతు నీది, ఒక వంతు ఎదుటి రాజుది. నువ్వు ఆలోచించుకునేదాకా ఎదుటి రాజు అడుగు కదపడు. వాటికి చేతివేగం అక్కర్లేదు, బుర్ర ఉంటే చాలు.

కట్టడం ఇష్టమైనవాళ్లకు ఊర్మిళ నది ఆట చెప్పేది. కొట్లాట కావాలంటే కోటల ఆట. బేరాలు చేయాలనిపిస్తే ఓడల ఆట. అందులో ఒక దీవిలో మిరియాలు కొని, ఇంకో దీవిలో అమ్మాలి.

సలహా ఇవ్వడానికి పెట్టుబడి ఏమీ అక్కర్లేదు. లాభం మాత్రం వెంటనే వస్తుంది. అందరూ నీవైపు చూస్తారు. ఆ వ్యాపారం ఊర్మిళకు బాగా నచ్చింది.

ఆ రోజు వరప్రసాద్ కూడా వచ్చాడు. డిండోలి బస్తీలో ఇద్దరి ఇళ్లూ ఒకే గల్లీలో ఉన్నాయి. నది ఆటలో చివరిదాకా గెలిచానని, అంతకంటే పెద్ద ఆట చెప్పమని అడిగాడు.

ఊర్మిళ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏడు రాజ్యాల ఆట పెట్టుకోమంది. అది మొదలుపెడితే లేవబుద్ధి కాదంది. తర్వాత గొంతు తగ్గించి తన కిటుకు కూడా చెప్పింది.

"నడుమ నడుమ యాడ్‌లు వస్తయి. ఎవరన్న ఫోన్ చేసినా ఆట బంద్ అయితది. అందుకే ముందుగాల విమానం గుర్తు నొక్కు. ఇగ ఎవ్వరు నీ జోలికి రారు."

ఊర్మిళ అలాగే ఆడేది. ఆమెది అమ్మ వాడకుండా పడేసిన పాత ఫోన్. మూల పగిలింది, లోపల సిమ్ లేదు. దానికి ఫోన్ చేసేవాళ్లెవరూ లేరు.

వరప్రసాద్ ఆడేది ఎవరి ఫోన్‌లోనో ఆమె అడగలేదు.

అది వాళ్ల నాన్న లింగంది. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే.

లింగం సాంచాల మీద పనిచేసేవాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. బజారులో మందీ వచ్చింది. బట్ట అమ్ముడుపోలేదు. ఆయన పనిచేసే కార్ఖానా మూతపడింది. అప్పటి నుంచి ఆయన బద్లీ మనిషి. ఎవరైనా పనికి రాకపోతే వాళ్ల బదులు వెళ్లి నిలబడాలి.

కార్ఖానాల్లో రెండు పాళీలు ఉంటాయి. పొద్దున ఎక్కేది ఒకటి, రాత్రి ఎక్కేది ఒకటి. పాళీ మారే వేళకు ఏ సాంచా దగ్గర మనిషి లేడో కార్ఖానాలో పని చూసే మాస్టర్ చూసుకుంటాడు. బద్లీ వాళ్లకు వరసగా ఫోన్ కొడతాడు. ఎవరు ఎత్తితే పని వాళ్లది. ఎత్తనివాడి కోసం సాంచా ఆగదు.

అంటే ఆ ఫోన్ లింగానికి దుకాణం లాంటిది. అది మూసి ఉంటే బేరం పక్క దుకాణానికి పోతుంది.

ఈ సంగతి గల్లీలో అందరికీ తెలుసు. ఊర్మిళకూ తెలుసు. తెలిసిన సంగతిని సలహా చెప్పేటప్పుడు లెక్కలో వేసుకోలేదు. అదే ఆమె పొరపాటు.

ఆ తర్వాత వరప్రసాద్ బడికి రావడం మానేశాడు. ఆటలో మునిగిపోయి ఉంటాడని ఊర్మిళ అనుకుంది. మూడో రాజ్యం దగ్గర ఎంతటివాళ్లయినా ఓడిపోతారు. అక్కడ ఏం చేయాలో చెబుదామని ఒక సాయంత్రం వాళ్లింటికి బయలుదేరింది.

వాళ్లది ఒకటే గది. వరప్రసాద్ అమ్మ చీరకు మెరిసే చెమ్కీలు అంటిస్తోంది. ఊర్మిళ వచ్చినా తలెత్తలేదు. లింగం లుంగీలు మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు.  వరప్రసాద్ బయట మెట్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

ఊర్మిళ పక్కన కూర్చుని, ఎన్నో రాజ్యం దాకా వచ్చావని అడిగింది.

"తీసేసిన" అన్నాడు వాడు.

 తర్వాత మెల్లగా ఒక్కొక్కటే చెప్పాడు.

ఆట పెట్టుకున్న రోజు సాయంత్రం వాళ్ల బాపు, లింగం, నడుం వాల్చాడు. కాసేపు ఆడుకొమ్మని ఫోన్ ఇచ్చాడు. వీడు విమానం గుర్తు నొక్కాడు. ఒక్క వంతు, ఇంకొక్క వంతు అంటూ ఆడాడు. అమ్మ అన్నానికి పిలిస్తే ఫోన్ తెచ్చి బాపు తల దగ్గర పెట్టాడు. గుర్తు తీయడం మరిచిపోయాడు. ఆ చిన్న గుర్తు సంగతి బాపుకు తెలియదు. ఈ రోజు పిలుపు రాలేదని అనుకుని ఆయన పడుకున్నాడు.

మర్నాడు చాయ్ బండి దగ్గర ఉధ్నా కార్ఖానా మనిషి ఒకడు కలిశాడు. అక్కడ ఒకాయన పని వదిలేసి ఊరెళ్లిపోయాడట. అది బద్లీ కాదు, పక్కా పని. లింగం మంచి పనివాడని మాస్టర్ ఆయనకే ముందు ఫోన్ చేశాడట. మళ్లీ మళ్లీ చేశాడట. ఫోన్ బంద్ అని వచ్చింది. ఆ జాగాలో ఇంకొకడు ఎక్కాడు.

ఇప్పుడు దొరికిన పని దూరంగా ఉన్న జోల్వాలో. రోజూ వెళ్లి రావడం కుదరదు. లింగం అక్కడి కార్ఖానాలోనే పడుకోవాలి. వారానికొక సెలవు రోజున మాత్రమే ఇంటికి రాగలడు.

"కొట్టిండా మీ బాపు?" అని అడిగింది ఊర్మిళ.

"లేదు. ఏమనలే. ఏమన్న అన్నా మంచిగుండేది."

ఊర్మిళ ఇంకొక మాట అడగకుండా ఉండలేకపోయింది.

"గుర్తు నొక్కుమన్నది నేనేనని చెప్పినవా?"

"చెప్పలే" అని వరప్రసాద్ ముఖం అటు తిప్పుకున్నాడు.

ఆ మాటకు ఆమె ఊపిరి పీల్చుకోవాలి. కానీ అలా జరగలేదు. వాడు చెప్పి ఉంటే తప్పులో సగం ఆమె వాటాకు వచ్చేది. చెప్పలేదు కాబట్టి మొత్తం వాడే మోస్తున్నాడు. మూడో రాజ్యం కిటుకు నోట్లోనే ఉండిపోయింది. ఊర్మిళ లేచి ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో అమ్మ భాగీరథి బేరంలో ఉంది. ఆమె రింగ్‌రోడ్డు మార్కెట్‌లో చీరలు తెచ్చి, ఇంటి ముందు గదిలో అమ్ముతుంది. వెనక గల్లీ రాజమ్మ వచ్చి ఉంది. గోడకు వేలాడుతున్న ఆకుపచ్చ చీర కావాలంటోంది. దాని నిండా రాళ్లు మెరుస్తున్నాయి.

భాగీరథి ఆ చీర దించలేదు. ఎవరికని అడిగింది. కోడలికి, సీమంతానికి అంది రాజమ్మ. కోడలికి ఎన్నో నెల, ఒంట్లో ఎట్లుంది, ఎండకు ఆగుతోందా అని భాగీరథి అడుగుతూ పోయింది. ఏడో నెల అని, ఒళ్లంతా చెమటకాయలని, రాత్రిళ్లు నిద్ర లేదని రాజమ్మ చెప్పింది. అప్పుడు భాగీరథి లోపలికి వెళ్లి, మెత్తటి నూలు చీర ఒకటి తెచ్చి రాజమ్మ చేతుల్లో పెట్టింది. రాజమ్మ దాన్ని చెంపకు ఆనించి చూసుకుంది. అదే తీసుకుని వెళ్లింది.

ఆకుపచ్చ చీరలో లాభం ఎక్కువని ఊర్మిళకు తెలుసు. అడిగిందే ఇచ్చేస్తే అయిపోయేది కదా అంది.

"రాళ్లు గుచ్చుకునేది ఆ పిల్లకు" అంది భాగీరథి, పరిచిన చీరలు మడుస్తూ. "కట్టేటామె సంగతి ఎరుక లేకుంట నేను చీర ఎట్ల చెప్తనే?"

అమ్మకు ఆటల గొడవ ఏమీ తెలియదు. తన బేరం గురించే చెప్పింది. అయినా ఊర్మిళ ఆ రాత్రి అన్నం సగమే తింది.

మర్నాడు పొద్దున్నే ఆమె గల్లీ చివరికి వెళ్లి నిలబడింది. లింగం సంచి భుజాన వేసుకుని షేర్ ఆటో కోసం చూస్తున్నాడు. ఆమెను చూసి, బడికి ఇంత తొందరగానా అని అడిగాడు.

"కాకా, ఫోన్‌ల విమానం గుర్తు నొక్కుమని వరప్రసాద్‌కు నేనే చెప్పిన" అంది ఊర్మిళ. 

 ఒక ఆటో వచ్చి ఆగింది. లింగం ఎక్కలేదు. అది వెళ్లిపోయింది.

"నువ్వు చెప్పినవ్. వాడు నొక్కిండు. ఫోన్ చేతుల పెట్టి పండుకున్నది నేను" అన్నాడు చివరికి. "పోయిన పని ఎట్లా రాదు బిడ్డా. వాడే, నాతోని మాట్లాడ్తలేడు. కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తలేడు. అది నాకు పెద్ద ఫికరు."

సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఫోన్ నాతోని జోల్వాకు పోతాంది. ఫోన్ లేకుంట ఆడేది ఏదన్న ఉంటె వానికి చెప్పు. నీకు ఆటలు మస్తు తెలుసట గద."

ఊర్మిళ నోరు తెరిచింది. నాలుక మీద జవాబులు సిద్ధంగా ఉన్నాయి. కానీ నోరు మూసుకుంది.

"వాణ్ని అడిగి చెప్త కాకా" అంది.

ఆ సాయంత్రం వెళ్లి అడిగితే, ఏ ఆటా వద్దన్నాడు వరప్రసాద్. ఊర్మిళ ఒప్పించే ప్రయత్నం చేయలేదు. మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేసింది. మరుసటి రోజూ వెళ్లింది. ఈసారి ఆట పేరు ఎత్తనే లేదు. ఇంట్లో ఒక్కడివే ఉంటావా, లైటు ఎంతసేపు వేస్తారు, గదిలో పరుచుకోవడానికి జాగా ఎంత ఉంటుంది అని అడిగింది. వాడు విసుక్కుంటూనే జవాబులు చెప్పాడు.

"ఎవ్వరితోని ఆడాలనున్నది?" అని అడిగింది ఆఖరికి.

వరప్రసాద్ మెట్టు మీద గోటితో గీస్తూ ఉండిపోయాడు.

"బాపుతోని" అన్నాడు. "గని ఎట్ల? వారానికొక్క దినం వస్తడు. అన్ని రోజులు ఆగే ఆట ఏదుంటది?"

ఊర్మిళ ఈసారి బాగా ఆలోచించింది. వంతుల ఆట ఆగుతుంది. అవతలివాడి వంతు వచ్చేదాకా ఎన్నాళ్లయినా ఆగుతుంది.

అమ్మను అడిగి చీరల అట్టపెట్టె ఒకటి తెచ్చుకుంది. ఇద్దరూ దాన్ని విప్పి నేల మీద పరిచారు. స్కేలు పెట్టి గడులు గీశారు. కొన్ని గడుల్లో కొండలు, కొన్నింటిలో అడవి, మధ్యలో ఒక వాగు. ఈ చివర వరప్రసాద్ ఊరు. ఆ చివర బాపు ఊరు. నేల మీద రాలిన చెమ్కీలు ఏరి ఖజానా చేశారు. పొలం వేస్తే ఇన్ని చెమ్కీలు వస్తాయి, కోట కడితే ఇన్ని పోతాయి అని నియమాలు పెట్టుకున్నారు. సెలవు రోజున ఒక్కొక్కరికి ఒకే వంతు.

మొదటి సెలవుకు లింగం రాలేదు. జోల్వాలో మనుషులు తక్కువై మాస్టర్ ఆపేశాడని ఎవరితోనో కబురు వచ్చింది. వరప్రసాద్ తన వంతుకు ఒక పొలం వేశాడు. బాపు వంతు అలాగే ఉంచాడు. అట్టను రెండు చేతులతో ఎత్తి, చెమ్కీలు కదలకుండా సజ్జ మీద పెట్టాడు. మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టాడు; రోజూ రాగానే దాన్ని ఒకసారి చూసుకునేవాడు.

తర్వాతి సెలవుకు లింగం వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జుట్టులో నూలు ధూళి ఇంకా పోలేదు. అన్నం తిని, గోడ వైపు తిరిగి నిద్రపోయాడు. సాయంత్రం లేచేసరికి ఊర్మిళ కూడా వచ్చి ఉంది. వరప్రసాద్ అట్ట దించి తండ్రి ముందు పెట్టాడు. ఆయన ముఖం చూడకుండానే నియమాలన్నీ చెప్పాడు. చాలా రోజుల తర్వాత వాడు తండ్రితో అన్ని మాటలు మాట్లాడటం అదే.

లింగం శ్రద్ధగా విన్నాడు. అట్టను అటూ ఇటూ చూశాడు. తర్వాత ఊర్మిళ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. ఏం కడితె మంచిది?"

మంచిదేదో ఊర్మిళకు తెలుసు. వాగు పక్కన పొలం వేయాలి. మొదటి వంతుకు అంతకంటే లాభం ఇంకెందులోనూ లేదు.

"నీకు ఏం గావాలె కాకా?" అని అడిగింది.

లింగం వేలు తన ఊరి మీద పెట్టాడు. మెల్లగా జరుపుకుంటూ వాగు దాటించి, కొండలు దాటించి, కొడుకు ఊరి దగ్గర ఆపాడు.

"ఈడికెళ్లి ఆడికి రావాలె."

దారి వేయడం ఆ ఆటలో అన్నిటికంటే నష్టం. చెమ్కీలు పోతాయి, ఏమీ తిరిగి రాదు. పైగా వంతుకు ఒక గడి మాత్రమే పడుతుంది. ఊర్మిళ ఆ మాట చెప్పలేదు. ఖజానాలోంచి కావలసిన చెమ్కీలు తీసి పక్కన పెట్టి, పెన్సిల్ ఆయనకు ఇచ్చింది.

లింగం వంగి, తన ఊరి పక్క గడిలో చిన్న గీత గీశాడు. వరప్రసాద్ దాని ముందున్న ఖాళీ గడులను వేలితో ఒక్కొక్కటిగా తాకుతూ, తన ఊరిదాకా వచ్చాడు.

"మస్తు వంతులు పడతయి బాపూ" అన్నాడు, తండ్రి ముఖంలోకి చూస్తూ.