పలికిన వాళ్ళ అమ్మ

హాల్వర్‌డాల్ యూనివర్సిటీ చలి గురించి నేను చెబితే కోతలంటారు. అన్నా సరే, చెబుతాను. డిసెంబరులో అక్కడ ఎవడైనా గట్టిగా తుమ్మితే, ఆ తుమ్ము గాలిలోనే గడ్డకట్టి, మార్చిలో కరిగి ఇంకొకడి నెత్తిన పడేది. నార్త్ డకోటాలో, కంటికి ఆనినంత మేరా కోసేసిన గోధుమ చేలు. వాటి మధ్యలో ఒక చర్చి, ఒక పెట్రోలు బంకు, ఒక యూనివర్సిటీ. శుక్రవారం సాయంత్రానికి అమెరికా పిల్లలు కార్లెక్కి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఎక్కడికీ పోలేని పిల్లలు, అంటే సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు, ఓస్ట్‌బీ హాల్ అనే పాత హాస్టల్లో మూడో అంతస్తులో మిగిలిపోయేవాళ్ళు.

ఆ అంతస్తుకు మహారాణి సెలోర్మ్. ఘనా దేశం, కేటా అనే సముద్రపొడ్డు ఊరు. ఆ పిల్ల ఎండుచేపల కారం వేయించిందంటే పొగ అలారాలు మోగడం కాదు, ఏడ్చేవి. ఫైరింజను వాళ్ళు గొట్టాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, పళ్ళేలు పట్టుకుని కూర్చునేవాళ్ళు.

ఆమె అంతస్తు మొత్తానికి ఒక మర్యాద నేర్పింది. వాళ్ళ ఊళ్ళో ఎవరి గుమ్మం ముందుకెళ్ళినా తలుపు కొట్టరు. బయట నిలబడి "అగో" అంటారు. లోపలివాళ్ళు "అమే" అనాలి. అంటే, రావచ్చు అని. అలా అననిదే కాలు లోపల పెట్టరు. నెల తిరక్కుండా నేపాల్ పిల్లలు, బొలీవియా పిల్లలు, ఆఖరికి నేల తుడిచే ముసలాయన కూడా అగో అనేవాడే. స్నానాల గదిలోంచి కూడా అమే అని కేకలు.

అందరికంటే గట్టిగా పలికేది నందిన్. సెలోర్మ్ గదిలోనే, పై మంచం మీద పడుకునే మంగోలియా పిల్ల. పూర్తి పేరు నందింత్సెత్సెగ్. ఆ పేరు తప్పులేకుండా పలికిన ప్రొఫెసర్ ఆ యూనివర్సిటీ చరిత్రలో లేడు.

"ఒసే, తలకి ఆ గుడ్డ ఎప్పుడు విప్పుతావే? లోపల పిట్టలు గూడు కట్టుంటాయి," అనేది నందిన్.

"కడితే కట్టనీ. మా అమ్మ వచ్చి విప్పుతుంది. స్నాతకోత్సవానికి వస్తానంది."

"వసంతం దాకా ఇలాగేనా?"

"నువ్వు అల్లుతావా మరి? నీ జుట్టే నీకు దువ్వుకోవడం రాదు, గుర్రం తోకలా వదిలేస్తావు."

నవ్వులాటే గాని మాట నిజం. ఆ చుట్టుపక్కల సెలోర్మ్ జుట్టు ముట్టుకోగలిగిన చెయ్యి లేదు. వాళ్ళమ్మ జీఫా కేటా బజారులో జడలల్లే మనిషి. ఒకసారి తుఫాను వచ్చి కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోతే, జీఫా అల్లిన తలల్లో ఒక్క వెంట్రుక చెదరలేదట. నుదుటి మీద నుంచి పాయలు పాయలుగా ఎత్తి, నడినెత్తిన నత్తగుల్లలా చుట్టే అల్లిక ఒకటుండేది. అది ఆమెకు తప్ప ఆ తీరంలో ఎవరికీ రాదు. కూతురికి నేర్పబోతే కూతురు పుస్తకం ముందేసుకుని పారిపోయింది. విమానం ఎక్కేముందు తల్లి అలాగే అల్లి పంపింది. "నేనొచ్చేదాకా ఎవరి చేతా ముట్టించుకోకు," అంది.

కొన్నాళ్ళుగా తల్లి ఫోను ఎత్తడం లేదు. మేనమామ పేరు కోఫీగా. ఆయన నుంచి పొడిపొడి కబుర్లు వచ్చేవి. 'అమ్మకి గొంతు పట్టేసింది. మాట్లాడకూడదన్నారు. నువ్వు పరీక్షలు చూసుకో తల్లీ.' అమ్మ గొంతు ఒక్కసారి వింటే చాలు, పరీక్షలేమిటి, ప్రపంచాన్నే రాసి పారేస్తానని సెలోర్మ్ రోజూ నందిన్ దగ్గర వాపోయేది.

విదేశీ పిల్లల బాగోగులు చూసే ఆఫీసులో మార్లిస్ అనే పెద్దావిడ ఉండేది. ఆవిడ ఆ వారం ఉత్తపుణ్యానికి బంగాళాదుంపల హాట్‌డిష్ అనే అక్కడి వంటకం చేసి మూడో అంతస్తుకు తెచ్చింది. గిన్నె సెలోర్మ్ చేతిలో పెట్టి, ముఖం చూడకుండా, "తిను, అమ్మాయ్. తిని చదువుకో," అని గబగబా మెట్లు దిగిపోయింది.

"ఆవిడకేమైంది?" అంది నందిన్.

"వంట బాగా కుదరలేదని సిగ్గేమో."

ఆఖరి పరీక్ష ముందు మంచు తుఫాను వచ్చింది. యూనివర్సిటీ మూసేశారు. మధ్యాహ్నం తిరిగేసరికే కిటికీ అవతల ఆకాశం లేదు, నేల లేదు, తెల్లటి ఊళ మాత్రం ఉంది. పొద్దుగూకే వేళకు కరెంటు పోయింది. గదిని వేడిచేసే గొట్టాలు కాసేపు టిక్కుటిక్కుమని, ఊరుకున్నాయి. నందిన్ పై మంచం మీద రజాయి ముసుగేసి నిద్రపోతోంది. కింద సెలోర్మ్ దుప్పటి కప్పుకుని, టార్చి వెలుగులో చదువుతోంది.

ముందు వాసన వచ్చింది.

ఓస్ట్‌బీ హాల్ వాసన ఆమెకు తెలుసు. పాత తివాచీ, తడి బూట్లు, మైక్రోవేవ్ పాప్‌కార్న్. ఇది అది కాదు. పొగలో ఆరిన చేప... దాని వెనకే షియా వెన్న. వేళ్ళకు రాసుకుని జుట్టు పాయలు తీసే షియా వెన్న. తలుపు కింది సందులోంచి సన్నగా వస్తోంది.

తరువాత చప్పుడు. నడవాలో దూరంగా రబ్బరు చెప్పులు. టప్... టప్... ఆ చలిలో, అందరూ మోకాళ్ళ దాకా బూట్లేసుకునే ఆ ఊళ్ళో, రబ్బరు చెప్పులు. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతున్నాయి. ఇల్లు తెలియని మనిషి వెతుక్కుంటున్నట్టు. ఆగి, మళ్ళీ నడుస్తున్నాయి.

ఈ గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయాయి.

"అగో..."

అమ్మ గొంతు.

బొంగురుపోయింది, అలిసిపోయింది, కానీ అమ్మదే. సెలోర్మ్ సగం లేచింది. నోరు తెరిచింది. అంతలో గుర్తుకొచ్చింది. అమ్మ కేటాలో ఉంది. కేటాకూ ఈ గుమ్మానికీ మధ్య ఒక మహాసముద్రం ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిన మాట చెవిలో పడింది. కనబడని గొంతుకు పలక్కూడదే పిల్లా. ఎవరు పలికితే అది వాళ్ళదైపోతుంది.

రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అగో..."

తలుపు కింది సందులో రెండు నల్లటి నీడలు. పాదాల నీడలు. టార్చి ఆర్పేసినా అవి కనబడుతున్నాయి...

సెలోర్మ్ కళ్ళలోంచి నీళ్ళు వేళ్ళ మీదుగా కారుతున్నాయి. రానివ్వాలని ఉంది. భయంగా ఉంది. 

"అగో..." ఈసారి చాలా మెల్లిగా. "చలేస్తోందే..."

సెలోర్మ్ చేతులు సడలాయి. పెదవులు విడివడ్డాయి.

పైనుంచి నందిన్ నిద్రమత్తులో పలికింది.

"అమే."

గొళ్ళెం తీసిన చప్పుడు లేదు. తలుపు తెరుచుకుంది. నడవాలోని చీకటి గదిలోకి ఒక అడుగు వేసింది. చల్లగాలి సెలోర్మ్ ముఖాన్ని రాసుకుంటూ పోయింది... ఆగలేదు. టప్. టప్. మంచానికున్న ఇనుప నిచ్చెన మెట్టు కిర్రుమంది. ఇంకో మెట్టు. పై మంచం పలకలు సెలోర్మ్ నెత్తి మీద నెమ్మదిగా వంగాయి... ఒక మనిషి బరువుకు.

"అమ్మా..." అంది సెలోర్మ్, గాలి కూడా వినలేనంత మెల్లిగా.

పైన ఎవరో కూనిరాగం తీస్తున్నారు. పాయలు తీసేటప్పుడు తీసే రాగం.

తెల్లారాక కరెంటు వచ్చింది. నందిన్ ఒళ్ళు విరుచుకుంటూ నిచ్చెన దిగింది. ఆ జారిపోయే గుర్రపు తోక జుట్టు, రబ్బరుబ్యాండే నిలవని జుట్టు, నుదుటి మీద నుంచి పాయలు పాయలుగా లేచి నడినెత్తిన నత్తగుల్లలా చుట్టుకుని ఉంది. షియా వెన్నతో నిగనిగలాడుతోంది.

"ఎప్పుడు నేర్చుకున్నావే దొంగా?" అంది నందిన్, అద్దంలో చూసుకుని మురిసిపోతూ. "నిద్రలో ఎంత హాయిగా ఉందో! నీ చేతులు మాత్రం ఐసుగడ్డలు."

సెలోర్మ్ ఫోను తీసి మేనమామకు కొట్టింది.

"మావయ్యా, అమ్మ ఎప్పుడు పోయింది?"

అవతల సముద్రపు హోరు. తరువాత కోఫీగా ఏడుపు. ఆ మనిషి ఒకసారి పడవ మునిగితే చుక్కాని పళ్ళతో కరిచిపట్టుకుని ఒడ్డుకు ఈదాడని కేటా అంతా చెప్పుకుంటుంది. అలాంటివాడు చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

"పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని నేనే అన్నాను తల్లీ. అక్కడి ఆఫీసావిడకి కూడా ఒట్టు వేయించాను. మీ అమ్మ కూడా అదే కోరేది. ఎక్కడికీ పోలేదు, నీకోసం ఉంచాం. ఆసుపత్రిలో, మంచుపెట్టెలో ఉంచాం. నువ్వొచ్చాకే మట్టి."

"మంచుపెట్టెలోనా..."

"అవును తల్లీ."

"అందుకే చలేస్తోందంది," అంది సెలోర్మ్. ఫోను కింద పెట్టేసింది.

విషయం విని నందిన్ ముందు పకపకా నవ్వింది. తరువాత తన జడ తడుముకుంది. తరువాత నవ్వలేదు.

ఆ వారమంతా ఆ గది తలుపు తెరిచే ఉంది. సెలోర్మ్ గుమ్మంలో కూర్చుని, ఖాళీ నడవా వైపు తిరిగి, "అమే... అమే..." అంటూనే ఉంది. గొంతు జీరపోయేదాకా అంది. అంతస్తులో అందరూ ఆ మాటతో ఆటలాడడం మానేశారు. తలగుడ్డ విప్పేసి, చిక్కుపడిన జుట్టు భుజాల మీద పరుచుకుని, పై మంచం కింద మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలింది. "నేనే అమ్మా. భయపడ్డానమ్మా. కావాలని కాదమ్మా." పైనుంచి జవాబు లేదు. పొద్దున లేచేసరికి నందిన్ రజాయి నాలుగు పక్కలా పరుపు కిందికి దోపి ఉండేది, చంటిపిల్లకు దోపినట్టు. సెలోర్మ్ దుప్పటి నేల మీద పడి ఉండేది. ఎవరూ తీసి కప్పలేదు.

ఒకరోజు ఇక ఉండబట్టలేక, "మా అమ్మను నాకిచ్చెయ్యవే," అంది.

"నేనేమైనా పట్టుకున్నానా?" అంది నందిన్. రాత్రంతా ఏడ్చినట్టుంది దాని ముఖం. "తీసుకోమని నేనూ చెప్పా. నాకు తెలిసిన భాషలన్నిటిలో చెప్పా. వినడం లేదు. నన్ను ఏదో పేరు పెట్టి పిలుస్తోంది. నాది కాదు ఆ పేరు."

"ఏమని పిలుస్తోంది?"

నందిన్ తల దించుకుంది. "సెలోర్మ్ అని."

గదిలో వేడి గొట్టం టిక్కుమంది.

"పొమ్మని చెప్పనా?" అంది నందిన్.

"వద్దు! చెప్పకు!" సెలోర్మ్ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "పొమ్మంటే ఎక్కడికి పోతుందే, ఇంత చలిలో?"

నందిన్ గోడ వైపు చూస్తూ అంది. "నన్ను కన్నది నేను నడవకముందే పోయింది. నాకు జడ వేసినవాళ్ళు లేరు. నాకు భయంగానే ఉందే. కానీ... వెళ్ళిపోతే కూడా భయమే."



సెలవులకు హాస్టలు మూసేశారు. మార్లిస్ తన పాత కారులో ఇద్దరినీ పెట్రోలు బంకు పక్కనున్న బస్సు స్టాపుకు తెచ్చింది. దారంతా ముక్కు తుడుచుకుంటూనే నడిపింది. "చెప్పాల్సింది, అమ్మాయ్. మనసొప్పక గిన్నె తెచ్చాను," అంది. సెలోర్మ్ ఆవిడ భుజం తట్టింది. తను ఇక్కడి నుంచి విమానాశ్రయానికి, అక్కడి నుంచి కేటాకు. మంచుపెట్టెలోంచి తీసి తల్లిని మట్టిలో పెట్టాలి. నందిన్ డెన్వరులో ఉన్న పిన్ని ఇంటికి.

అంటే అమ్మ ఎవరితో వెళ్తుందో ఇద్దరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

"చూసుకుంటావు కదూ?" అంది సెలోర్మ్ బస్సు మెట్టు దగ్గర.

"ఆవిడే నన్ను చూసుకుంటోంది," అని నందిన్ ఒక్కసారి గట్టిగా వాటేసుకుని ఎక్కేసింది.

బస్సు సగం ఖాళీ. నందిన్ కిటికీ పక్కన కూర్చోలేదు. నడవా పక్క సీటులో, ఒదిగి కూర్చుంది. కిటికీ పక్క సీటు ఖాళీ. చలికి అద్దం తెల్లగా మసకేసి ఉంది. సెలోర్మ్ మంచులో నిలబడి చూస్తోంది. డ్రైవరు తలుపు మూశాడు. ఇంజను వణికింది.

అప్పుడు ఆ ఖాళీ సీటు పక్క అద్దం మీద, లోపలి వైపు నుంచి, మసక గుండ్రంగా తుడుచుకుపోయింది... మనిషి ముఖమంత మేర. నందిన్ రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

సెలోర్మ్ పరిగెత్తి అద్దానికి అరచెయ్యి ఆనించింది. లోపల ఏమీ లేదు. ఖాళీ సీటు, దానవతల తల దించుకున్న నందిన్, అంతే.

తుడిచిన చోట, లోపలి నుంచి, ఎవరో ఊపిరి వదిలారు. అద్దం నెమ్మదిగా మళ్ళీ తెల్లబడింది. బస్సు కదిలింది.