నాలుగు వేళ్ళు తక్కువైన టాపు

నాంపల్లిలోని ఆ పెంకుటింటి వాకిట్లో పొద్దున ఎనిమిదికే పాతకాలపు హెరాల్డ్ కారు పైన గుడ్డ కప్పు లేకుండా బోసిగా నిలబడి ఉంది. రూఫస్ తన ముద్దుల కారు టాపు ఊడదీసి, కుట్లన్నీ విప్పి, అఫ్జల్‌గంజ్ నుంచి తెచ్చిన కొత్త నల్ల కాన్వాసు మీద పరిచాడు. ఎల్లుండే కూతురు ఇవాంజెలిన్‌కు జయరాజ్‌తో పెళ్ళి. వానల్లో పిల్ల తడవకుండా ఆ కారులోనే చర్చికి వెళ్ళాలని ఆయన పంతం. పని తెలిసినవాళ్ళను పిలుద్దామంటే, "నా కారు మీద ఇంకొకడు చెయ్యేసుడేంది?" అన్నాడు.

భార్య బెత్సీ ఇడ్లీల పళ్ళెంతో వచ్చి, పరిచిన గుడ్డలు చూసి ఆగిపోయింది. ఆబిడ్స్‌లోని ఓ టైలర్ షాపులో ఇరవై రెండేళ్ళు కత్తెర పట్టిన మనిషి ఆమె.

"ఏమండీ, పాత గుడ్డ ఎండకు ముడుచుకపోయి ఉంటది. దాన్ని చూసి కొయ్యకండి. జర కారు కమ్మీల మీద టేపు పెట్టి కొలవండి."

"జాకెట్లు కుట్టుడు గాదే ఇది. నీకేం తెలుస్తది?"

"ఏదైనా గుడ్డ గుడ్డే కదండీ..."

"నోర్మూసుకొని మిషన్ కాడ కూసో. నేను కోసిచ్చింది కుట్టు, చాలు."

బెత్సీ ముప్ఫై ఏళ్ళుగా వింటున్న మాటే. పాత గుడ్డ చూసి గీసిన గీత మీదే ఆయన కత్తెర నడిపాడు. మందపు గుడ్డకు రెండు సూదులు విరిగినా బెత్సీ మాట్లాడకుండా కుట్టింది.

మధ్యాహ్నానికి ఎండ కాసింది. టాపును వెనక బిగించి ముందుకు లాగితే, అద్దం పైనున్న పట్టీకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. రూఫస్ కాలు తన్నిపెట్టి లాగాడు. రాలేదు. ఆయన మొహం ఎర్రబడింది.

"నీ కుట్లల్లనే పోయింది గుడ్డంతా! పిల్ల పెండ్లికైనా మంచిగ కుట్టొద్దా? పనికిమాలినదానా!"

పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. బెత్సీకి తల కొట్టేసినట్టయింది. అప్పుడే ఇవాంజెలిన్ బయటికొచ్చింది.

"డాడీ, నాకీ పెండ్లి వద్దు."

"ఏం మాట్లాడుతున్నవే?"

"భయమైతుంది. జయరాజ్ గూడ మీలెక్కనే నవ్వుతడు. మంచోడంటరు అందరు. బయట మీరు గూడ మంచోళ్ళే కదా! పెండ్లైనంక నాతోని గూడ గిట్లనే మాట్లాడితే నేనెట్ల బతకాలె? గుడ్డ కోసింది మీరు. తిట్లు పడ్డది మమ్మీ."

బెత్సీయే అలవాటుగా అడ్డం వచ్చింది. "పోనీలేవే, డాడీ అలసిపోయిన్రు."

"గదే మమ్మీ! నేను గూడ జిందగీ అంతా పోనీలే అనుకుంట బతకాల్నా?"

ఆ మాట బెత్సీ గుండెలో గుచ్చుకుంది. పిల్లకు చదువు చెప్పించానని, మిషన్ నేర్పానని మురిసిపోయింది ఇన్నాళ్ళు. నోరు మూసుకోవడం కూడా తానే నేర్పుతున్నానని తట్టలేదు. వెళ్ళి భర్తకు ఎదురుగా నిలబడింది.

"నేను పొద్దుగాలనే చెప్పిన. తక్కువ కోసింది మీరు. గా మాట పిల్ల ముందట చెప్పండి."

పక్కింటివాళ్ళు ఇంకా చూస్తూనే ఉన్నారు. రూఫస్ అరుగు మీద కూలబడ్డాడు. కూతురి వైపు తలెత్తాడు.

"తప్పు కోసింది నేనే బిడ్డా. మీ మమ్మీ చెప్పింది, ఇనలే." భార్య వైపు తిరిగాడు. "ఇన్నేండ్ల సంది ఇనలే."

ఇవాంజెలిన్ వెక్కివెక్కి ఏడ్చింది. బెత్సీ దగ్గరికి తీసుకుని కూతురి కళ్ళు తుడిచింది.

"టాపుదేముంది, ముందట పట్టీ అతికితే సరిపోతది. నువ్వు పోయి జయరాజ్‌ను పిలువు. నీ భయం మొత్తం అతని ముందట పెట్టు, ఏమంటడో ఇను. నా పెండ్లప్పుడు నన్నెవరూ అడగలే, నేనూ అడగలే. నువ్వడుగు. నీ మనసుకు సరిపడకుంటే ఈ పెండ్లి లేదు."

ఎల్లుండి పెళ్ళి. చుట్టాలు బయల్దేరి ఉంటారు. రూఫస్ ఏదో అనబోయాడు. కూతురి తడి కళ్ళు చూసి ఆగాడు.

"మీ మమ్మీ చెప్పినట్టే చెయ్యి బిడ్డా," అన్నాడాయన.

ముప్ఫై ఏళ్ళలో ఆ మాట వినడం అదే మొదటిసారి. బెత్సీ వాకిట్లోనే, అందరూ చూస్తుండగానే, మొహానికి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.