రెండో మాట

చెన్నై హార్బర్‌లో తేలిన శవం జేబుల్లో ఏమీ లేదు. ఆ మనిషి అసలు పేరు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికే తెలుసు. అందులో ఒకడైన చీఫ్ వెంకటరమణ మర్నాడు ఆత్మకూరు బస్టాండు వెనక ఉన్న లారీ ఆఫీసులో అడుగుపెట్టాడు.

"సంగం బండి పోయిందా?"

"బ్యారేజీ మీద టైరు మారుస్తా ఉండారు," అన్నాడు గుమాస్తా.

కోడ్ సరిపోయింది. షట్టర్ కిందికి దిగింది.

ఆ గుమాస్తా ఏజెంట్ ముజఫర్. ఉదయగిరిలో ఉండే అతని అక్క రసూల్‌బీకి మాత్రం లారీలకు లోడు వెతికే చిన్న ఉద్యోగి.

"గురుస్వామిని చంపేసినారు," అన్నాడు చీఫ్. "చెన్నై నుంచి కృష్ణపట్నం దాకా ఏటా పెట్టే యాట్ రేసు, ఆ తెరచాప పడవల పందెం, తెలుసు గదా. ఈసారి బ్లూ పెర్ల్ అని ఒక విదేశీ పడవ దిగతా ఉండాది. కెప్టెన్ పేరు బ్రూనో. పడవ అడుగున సోనార్ పరికరం దాచినాడు, నీళ్ళ కింద చప్పుళ్ళు పట్టేది."

"రేసులోనే ఎందుకు సార్?"

"మామూలప్పుడు అటు ఎవర్నీ పోనియ్యరు. రేసు రోజు దారి వదులుతారు. మన సబ్‌మెరైన్ తిరిగే చోట దాన్ని నీళ్ళలోకి దించితే, సబ్‌మెరైన్ చప్పుడంతా వాళ్ళ చేతికి పోతాది. ఆ తర్వాత ఏ సముద్రంలో దాక్కున్నా పట్టేస్తారు."

"ఇప్పుడే అరెస్ట్ చేస్తే?"

"చేపలు వెతికే మిషనంటాడు. దించతా ఉండగా పట్టాల. లోపల చైత్ర అని ఒకామె ఉండాది, బ్రూనో సెక్రటరీ. వాళ్ళ జీతం తీసుకుంటా మన పని చేస్తాది. లేదంటే మన జీతం తీసుకుంటా వాళ్ళ పని చేస్తాది. అది నువ్వే తేల్చుకో."

రెండు వారాల్లో ముజఫర్ మైక్ ఫెర్నాండెజ్ అయ్యాడు. గోవా సెయిలర్. తెల్ల ప్యాంటు, కెమెరా ఉన్న నల్ల కళ్ళద్దాలు, నొక్కితే కోస్ట్ గార్డ్‌కు సిగ్నల్ పంపే వాచీ. మారుపేరుతో బ్లూ పెర్ల్ సిబ్బందిలో చేరిన గురుస్వామి పోయాక, ఆ ఖాళీలో బ్రూనో అతన్నే తీసుకున్నాడు.

రేసుకు ముందురోజు చెన్నైలో, రేసు నడిపే క్లబ్బు లాన్‌లో పార్టీ జరిగింది. అక్కడ నిలబడ్డవాళ్ళలో ఒక్కడి అరచేతిలోనూ కాయ కాచిన గుర్తు లేదు. వాళ్ళు చూసి ముచ్చటపడటానికి గోడ వారగా చేతిపనుల స్టాళ్ళు పెట్టించారు. ముజఫర్ బ్రూనో పక్కన గ్లాసు పట్టుకుని నడుస్తున్నాడు.

"ముజ్జూ, ఏందిరా ఈ యేసం?"

ఉదయగిరి కొయ్య స్పూన్ల స్టాల్లోంచి రసూల్‌బీ లేచి వచ్చింది. చీర కుచ్చిళ్ళలో కొయ్య పొట్టు. అమ్మ పోయాక ముజఫర్‌ను చదివించిన చేతులు అతని మోచేతిని పట్టుకున్నాయి.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ట్రైనింగ్‌లో నేర్పారు. ఒక్క మాట చెప్పి తప్పుకోవాలి.

"సారీ, మీరెవరో నాకు తెలీదు," అన్నాడు ఇంగ్లీషులో.

దాంతో ఆగిపోవాల్సింది. రసూల్‌బీ బిత్తరపోయి చెయ్యి తీసేసింది కూడా. కానీ క్లబ్బు మెంబరొకడు ఆమె ముక్కు చూసి, అతని ముక్కు చూసి నవ్వాడు. ముజఫర్ చెవులు కాలాయి.

గార్డును పిలిచాడు. "ఈమె ఏదో కొట్టేసినట్టుంది. సంచి చూడు." ఈసారి తెలుగులో అన్నాడు.

గార్డు సంచి బోర్లించాడు. స్పూన్లు, గరిటెలు గడ్డి మీద చెల్లాచెదరయ్యాయి. ఆమె ఎవరివైపూ చూడకుండా ఒక్కొక్కటే ఏరుకుంది. ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి పోయింది.

మొదటి మాట డ్యూటీ. రెండో మాట ఏ చీఫూ చెప్పమనలేదు. దేశం కోసం కాదు, ముక్కు కోసం అన్నాడు. ఆ రాత్రి పడవలో పడుకుని ఈ సంగతి తనకు తానే ఎన్ని రకాలుగా చెప్పుకున్నా, ఇంకో అర్థం రాలేదు.

మర్నాడు తెల్లారకముందే రేసు మొదలైంది. గాలి బాగుంది. సాయంత్రానికి కృష్ణపట్నం క్రేన్లు కనిపించాయి. బ్రూనో తాళ్ళు కట్టిన పరికరాన్ని పైకి తీసి, అంచున వేలాడదీసి, పిస్టల్ ముజఫర్ వైపు తిప్పాడు.

"మైక్, నిన్న మీ అక్కను బాగా ఏడిపించావు."

శాటిలైట్ ఫోన్ స్పీకర్ ఆన్ చేశాడు. అవతల అతని మనిషి సందీప్. ఉదయగిరిలో, రసూల్‌బీ దుకాణంలో, కొనుగోలుదారుడి వేషంలో ఉన్నాడు. ఆకురాయితో కొయ్యను రాస్తున్న చప్పుడు వినిపిస్తోంది. స్టీరింగ్ దగ్గర చైత్ర కదలకుండా నిలబడింది. అవునని అక్క ఒక్క మాటంటే చాలు, ముజఫర్ శవం ముందు, పరికరం వెనక, రెండూ నీళ్ళలోకి పోతాయి.

"అమ్మా, ఈ ఫోటోలో ఉండేది నీ తమ్ముడంట గదా?"

ఆకురాయి ఆగింది.

"ఎవురు చెప్పినారు?"

"నువ్వే పిలిచినావంట గదా, ముజ్జూ అని."

ఆకురాయి మళ్ళీ కొయ్య మీద కదిలింది. ముజఫర్ వేలు వాచీ మీదికి పోయింది. బ్రూనో పిస్టల్ ఇంకాస్త ఎత్తాడు.

"పిలిచినా. పోలికకు మోసపోయినా. నా తమ్ముడు ఆత్మకూరులో లారీ ఆఫీసు గుమాస్తా. ఈ దొరబాబు నన్ను దొంగదన్నాడయ్యా. అంతమంది ముందర నా సంచి గుమ్మరించినాడు. నా తమ్ముడైతే ఆ మాట అంటాడా? నువ్వే చెప్పు."

"అనడులేమ్మా," అన్నాడు సందీప్. అతనికీ అక్క ఉందేమో.

చైత్ర ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పింది. బ్రూనో నవ్వి పిస్టల్ నడుముకు దోపుకున్నాడు. "నిజమే. సొంత అక్కను ఎవడంటాడు?" అని తాడు వదలడానికి, దాన్ని చుట్టిన వించ్ వైపు వంగాడు.

ముజఫర్ వాచీ నొక్కి, స్టీరింగ్ మీదికి దూకి, చక్రాన్ని పూర్తిగా తిప్పేశాడు. తెరచాప కింది అడ్డదండం, బూమ్, గిర్రున తిరిగి బ్రూనోను డెక్ మీద పడేసింది. తాడు జారింది. పరికరం నీళ్ళను తాకింది. చైత్ర చెప్పుకాలితో వించ్ బ్రేక్ తొక్కి, బ్రూనో పిస్టల్ లాగి అతని మెడకే ఆనించింది.

ఏ జీతం కోసం పనిచేస్తోందో తేలిపోయింది.

కోస్ట్ గార్డ్ పడవ పక్కకు వచ్చాక ఆమె అంది, "మీ అక్క ఎంత బాగా నటించింది."

"నటించిందో లేదో నాకు తెలీదు," అన్నాడు ముజఫర్.

సందీప్‌ను ఉదయగిరి బస్టాండులోనే పట్టుకున్నారు. నాలుగో రోజు చీఫ్ మెచ్చుకుంటూ ఫోన్ చేసేసరికి ముజఫర్ అక్క దుకాణం ముందున్నాడు. ఫోన్ కట్ చేశాడు.

"ఆపా," అని అక్కను పిలిచాడు.

రసూల్‌బీ తలెత్తలేదు. "ఏం కావాల సార్? స్పూన్లా, గరిటెలా?"

"ఆ పొద్దు ఫోన్‌లో... తెలిసే చెప్పినావా?"

"తెలీనోళ్ళ గురించి నాకేం తెలుస్తాది సార్."

క్షమించమని అడగడానికి దారంతా మాటలు సిద్ధం చేసుకుంటూ వచ్చాడు. ఉద్యోగం గురించి చెప్పకూడదు. చెప్పినా, రెండో మాట ఉద్యోగంలోది కాదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. ఆమె ఒక గరిటె నునుపు చేయడం పూర్తిచేసి, ఎదురు టీ అంగడి వైపు కేకేసింది.

"వలీ, ఈ సార్‌కి ఒక టీ పంపు. అల్లం వెయ్యబాక, ఈయనకి పడదు."

సర్వీసు మొత్తంలో ఏజెంట్ ముజఫర్ కవర్ బద్దలైంది అక్కడ ఒక్కచోటే. రిపోర్టులో మాత్రం రాయలేదు.