కంకర మీద బిందె

కోయిలకుంట్ల దాటి సంజామల పోయే దోవలో రైలు పట్టాలకు రెండు పక్కలా నల్లరేగడి. శనగ కోసేసినాక ఆ నేలలో చూడదగింది ఏమీ మిగలదు. నిలబెట్టిన నాపబండల కంచెలు, నాలుగు తుమ్మచెట్లు, కరెంటు స్తంభాలు, అంతే. ఆ ఏమీలేని చోటును గోపీనాథ్ నంద్యాలలో తన ఇంటి ముందుగదిలో కూర్చుని, కంప్యూటర్లో, బండ తరువాత బండగా కట్టుకుంటూ వచ్చాడు.

రైలు సిమ్యులేటర్ అంటే పిల్లల ఆట అనుకుంటారు గానీ, అందులో ఒక రూటు కట్టడం ఇల్లు కట్టినంత పని. పట్టా ఎక్కడ వంగుతుందో, ఎక్కడ ఎత్తెక్కుతుందో, ఏ సిగ్నలు ఎంత దూరం నుంచి కనబడుతుందో అన్నీ కుదరాలి. గోపీనాథ్ స్కూటర్ మీద పోయి ఫోటోలు తీసుకొచ్చేవాడు. కంచెలో ఒక బండ విరిగి ఉంటే కంప్యూటర్లోనూ విరిచి పెట్టేవాడు. రైల్లోంచి దించినా ఈ మనిషి దిగల్యా అని భార్య చౌడేశ్వరి ఇరుగుపొరుగుతో అనేది. అంటూనే మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టిపోయేది.

దించిన మాట నిజమే. పోయిన ఏప్రిల్లో, మిట్టమధ్యాహ్నం, గూడ్సు నడుపుతూ ఆ నల్లరేగడి నడుమ ఆయన ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. పట్టాల మధ్య ఒకామె నిలబడి ఉంది. చంకలో స్టీలు బిందె. ఎండకు బిందె మెరిసింది గానీ ముఖం కనబడలేదు. బండి కీచుమంటూ ఆగింది. దిగి చూస్తే ఎవరూ లేరు. పక్క సీట్లోని అసిస్టెంటు భూపేష్ తలుపులోంచి వంగి చూసి, "యాడన్నా? నాకెవరూ కనపడలేదే" అన్నాడు. తరువాత అడిగిన వాళ్లందరికీ అదే చెప్పాడు.

లేనిదాన్ని చూసేవాడి చేతికి బండి ఇవ్వరు. కంటి పరీక్షలు, తల పరీక్షలు అయినాక గోపీనాథ్‌ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లోపల ఏదో తిమ్మిరెక్కిన కాలులాగా మొద్దుబారి, అట్లాగే ఉండిపోయింది.

ఆయనకు ఒక్కటే తెలియాలి. ఆ రోజు కంటికి అడ్డం పడింది ఏమిటి? నాపబండ మీద తళుకా, ఎండమావా? ఉన్నదంతా ఉన్నచోటే పెట్టి, అదే తేదీ, అదే ఎండ పెట్టి నడిపితే ఆ మెరుపు మళ్లీ రావాలి. వస్తే తన తల బాగున్నట్టే. అది చూపించి, బండి ఇమ్మని మళ్లీ అడగవచ్చు.

రూటు పూర్తయిన ఆదివారం భూపేష్‌ను పిలిచాడు. వాడిప్పుడు సొంతంగా గూడ్సు నడుపుతున్నాడు. ఆ సాక్ష్యం చెప్పినప్పటి నుంచి ఈ ఇంటి గడప తొక్కడానికి మొహమాటపడేవాడు, అయినా వచ్చాడు. చౌడేశ్వరి ఉగ్గాని పెట్టి, మీ అన్నకు ఆటలో కూడా అసిస్టెంటు కావాలంట నాయనా అని నవ్వింది.

బయట ఎండ ఎంత తెల్లగా ఉందంటే వీధిలో కుక్క కూడా లేదు. ఫ్యాను వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతోంది. కిటికీ మూసి ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు.

బండిలో ఒక పద్ధతి ఉంది. సిగ్నలు కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి. రెండోవారు తామూ చూసి, ఆ రంగు తిరిగి చెప్పాలి. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి కన్ను పట్టుకోవాలని.

"గ్రీన్" అన్నాడు గోపీనాథ్.

"గ్రీన్" అన్నాడు భూపేష్.

కోయిలకుంట్ల వెనకబడింది. చక్రాల చప్పుడు గదినిండా ఒకే తాళంలో నడుస్తోంది. గేటు పోయింది. విరిగిన బండ పోయింది. గోపీనాథ్ రెప్ప వేయలేదు. తుమ్మచెట్లు వస్తున్నాయి. మెరుపు రావాల్సిన చోటు... ఏమీ లేదు. తెల్లని ఎండ, ఉత్త పట్టాలు.

ముందు ఇంకో సిగ్నలు కనబడింది.

"గ్రీన్."

భూపేష్ తెర మీదికి వంగాడు.

"గ్రీన్, భూపేష్."

"ఆపన్నా." భూపేష్ కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏముండాది?"

"ఆపన్నా... ఆయమ్మ..."

గోపీనాథ్ చూశాడు. ఖాళీ. తాను పరిచిన కంకర, తాను పెట్టిన పట్టాలు. వేలు బ్రేకు మీదికి దానంతటదే పోయింది. నొక్కలేదు. లేనిదాని కోసం ఒకసారి ఆపాడు. రెండోసారి ఆపదలచుకోలేదు.

భూపేష్ రెండు అరచేతులతో ముఖం కప్పుకున్నాడు.

బండి పోయింది. కుదుపు లేదు. అరుపు లేదు. కానీ గదిలో వాసన... ఎండకు కాలిన కంకర మీద నీళ్లు పడితే వచ్చే వాసన.

గోపీనాథ్ బండి ఆపి, ఆటలోని కెమెరాను వెనక్కి తీసుకుపోయాడు. పట్టా పక్కన, కంకర మీద, స్టీలు బిందె. నిటారుగా. ఆయన పెట్టింది కాదు. మౌసుతో దాని మీద నొక్కాడు. పెట్టిన వస్తువైతే చుట్టూ పచ్చగీత వస్తుంది.

ఏ గీతా రాలేదు.

"ఆ పొద్దు నాకు కనపడలేదన్నా, ఒట్టు," అన్నాడు భూపేష్. "ఈ పొద్దు కనపడింది."

సంతోషపడాల్సిన ఘడియ అది. తన తల చెడలేదు, ఇంకొకడూ చూశాడు. గోపీనాథ్ ఆ సంతోషాన్ని లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. మజ్జిగ ముట్టకుండానే భూపేష్ లేచాడు. మరునాడు డ్యూటీ, అదే దోవ. పోవద్దని చెప్పాలనిపించింది గానీ, గోపీనాథ్ వాకిలిదాకా వచ్చి ఊరికే నిలబడ్డాడు.

మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టాడు. కంప్యూటర్ ఆపడానికి చేయి రాలేదు. తెర మీద బిందె అట్లాగే ఉంది. మధ్యాహ్నం ఫోను మోగింది.

"అన్నా." భూపేష్ గుసగుసగా మాట్లాడుతున్నాడు. "ఈడ ఎవరూ లేరు. బిందె ఉండాది. అంచుదాకా నీళ్లు. కదలడం గూడా లేదు."

గోపీనాథ్ ఫోను చెవికి అదుముకున్నాడు. బండి నడిపేవాడు ఫోను ముట్టడు. పోయే బండిలోంచి బిందెలోని నీళ్లు కనబడవు.

"బండి ఆపినావా?"

భూపేష్ వెనక నుంచి కొత్త అసిస్టెంటు గొంతు, ఇంకా లేత గొంతు, వినబడింది. "యాడన్నా? నాకెవరూ కనపడలేదే."

ఫోను కట్ అయింది.

గోపీనాథ్ తెర వైపు తిరిగాడు. కంకర మీద బిందె లేదు. అది ఉన్నచోట తడి మరక. ఆ రూటులో ఆయన వాన పెట్టలేదు, వంక పెట్టలేదు, నీటి చుక్క ఎక్కడా పెట్టలేదు. మరక పక్కన ఒక తడి అడుగు. దాని ముందు ఇంకొకటి. కెమెరాను మెల్లగా వాటి వెంబడి జరిపాడు. అడుగులు వ్యాగన్ల పక్కగా నడిచి... నడిచి... ఇంజను దాకా వచ్చాయి. మెట్ల దగ్గర ఆగిపోయాయి.

అసిస్టెంటు ఎక్కే వైపు మెట్లు.

కంకర తడిసిన వాసన మళ్లీ వచ్చింది. ఈసారి దగ్గరగా. నిన్న భూపేష్ కూర్చున్న పక్క కుర్చీ వైపు ఆయన తల తిప్పలేదు.